అట్ట మీద పేరు

బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు నేను చేయలేదు. కొన్నాం. బాచ్‌లో నలుగురం తలా ఇంత వేసుకుని అమీర్‌పేటలో ఒక సెంటర్‌కి వెళ్తే కోడ్ సీడీ, డాక్యుమెంటు, వైవాలో ఏం అడుగుతారో చెప్పే రెండు గంటల ‘ఎక్స్‌ప్లనేషన్’ కలిపి ఇచ్చారు. ఆన్‌లైన్ పరీక్షల సిస్టమ్. మా క్లాసులోనే ఇంకో రెండు బాచ్‌లదీ అదే. “నువ్వేం చేశావ్?” అని వైవాలో అడిగితే “టెస్టింగ్ సార్” అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలున్న ఆ పుస్తకాన్ని మా నాన్న గాజు బీరువాలో, పోతన భాగవతం పక్కన పెట్టుకున్నాడు. ఆయన తెలుగు మాస్టారు.

తర్వాత ఇంగ్లండులో ఎమ్మెస్సీ. మొత్తం 180 క్రెడిట్లలో 60 వేసవి ప్రాజెక్టుకే. ఎవరిది వాళ్ళే చెయ్యాలి. తెలుగు పద్యాల్లో గురులఘువులు గుర్తించే ప్రోగ్రామ్ రాస్తానన్నాను. ఇష్టం కొంత, ఇది అమీర్‌పేటలో దొరకదన్న భరోసా కొంత.

మొదట్లో తేలికే అనిపించింది. ‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు, వాటిని అతికించాలి. దీర్ఘమైతే గురువు, సున్నా ఉంటే గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. వృత్తాల్లో గణాలు ఖాయం కాబట్టి జవాబు ముందే తెలిసిపోతుంది. అందుకని ఆటవెలదులు, తేటగీతులు తీసుకున్నాను. వాటిలో ఇంద్రగణం అన్నచోట ఆరింట్లో ఏదైనా రావచ్చు. వంద పద్యాల మీద 98 శాతం సరిగ్గా వచ్చింది. గర్వంగా సూపర్వైజర్ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు.

“సరైన జవాబులు ఎవరు గుర్తించారు?” అని అడిగింది. నేనే అన్నాను. “ప్రోగ్రామ్ నడపక ముందా, నడిపాకా?”

నడిపాకే. దాని అవుట్‌పుట్ తెరిచి, తప్పనిపించిన చోట మాత్రం దిద్దాను. వైవా గదిలో నవ్విన ఆ సారే గుర్తొచ్చాడు. ఈవిడ నవ్వలేదు. మళ్ళీ చెయ్యమంది, రెండు వారాల టైమిచ్చింది.

నాన్నకి ఫోన్ చేశాను. వంద పద్యాలు ప్రింట్ తీయించుకుని, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. ఈసారి 91 శాతం. తేడా వచ్చినవి ఎక్కువగా పదం చివరే. ‘రాజస్తుతి’లో ‘జ’ గురువు, సమాసం కాబట్టి. ‘రాజు స్తుతించె’లో ‘జు’ లఘువే, అవి రెండు మాటలు. నా ప్రోగ్రామ్‌కి ఆ ఖాళీ కనపడేది కాదు, నేనే ఖాళీలన్నీ తీసేసి ఇచ్చాను. పోనీ ఉంచుదామంటే అచ్చు పుస్తకాల్లో మాటల విడుపు ఒక్కోరిది ఒక్కోలా ఉంటుంది. నాలుగు చోట్ల నాన్నే పొరబడ్డాడు. చెప్తే పావుగంట ఆగి ఫోన్ చేసి, “నిజమేరా, నిద్రలో పెట్టినట్టున్నాను” అన్నాడు. ఆయన తప్పొప్పుకోవడం వినడం నాకదే మొదలు.

ఆ ఖాళీల సంగతి పూర్తిగా పరిష్కారం కాలేదు. రిపోర్టులో పరిమితుల అధ్యాయం అన్నిటికంటే పెద్దదైంది. మార్కులు ఓ మోస్తరు.

అక్కడ పీడీఎఫ్ ఇస్తే చాలు. నాన్న మాత్రం పుస్తకం కావాలన్నాడు. సెలవుకి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో బైండింగ్ చేయించి పట్టుకెళ్ళాను. అట్ట తడిమి చూసి, “ఒక్క పేరే ఉందేంట్రా? మిగతా వాళ్ళేరీ?” అన్నాడు.

“ఇది నేనొక్కణ్ణే చేశాను నాన్నా.”

బీరువా తలుపు తీసి చోటు చేస్తూ, పాత పుస్తకం చేతిలోకి తీసుకుని నావైపు తిరిగాడు.

“మరి దీన్లో నీదేది?”

ఈసారి టెస్టింగ్ అనలేదు.