కాగితం మీద లేని చెట్లు

నేను చదివింది కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్. రోడ్ల గురించి నాకు తెలిసిందల్లా, మా కావలి బస్సు గోతిలో పడితే తల ఎక్కడ కొట్టుకుంటుందన్నంత వరకే. అలాంటి నన్ను 2016లో దోహాలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పిలిచి, రోడ్లు డిజైన్ చేసే సివిల్ త్రీడీ సాఫ్ట్‌వేర్ బాధ్యత అప్పజెప్పారు. 2022 ప్రపంచకప్పు కోసం ఊరంతా తవ్విపోసి ఉన్న రోజులవి. గీతలు గీసేది ఇంజనీర్లు. వాళ్ళ పనిముట్టు మొరాయించకుండా చూసేది నేను. వడ్రంగికి ఉలి నూరిపెట్టేవాడి లాగా అన్నమాట.

మాకు వచ్చిన పనుల్లో ఒకటి చిన్న పల్లె దారి. దోహా నుంచి ఉత్తరంగా పోయే అల్ షమాల్ హైవేకి పడమట, ఒంటెల దొడ్ల మధ్య నుంచి సాగే రెండు వరసల రోడ్డు. ఒకచోట హఠాత్తుగా వంకర తిరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే, రోడ్డుకు 6 శాతం పక్కవాలు ఇచ్చినా, మలుపు వ్యాసార్థం 440 మీటర్ల దాకా ఉండాలి. అక్కడ అందులో సగం లేదు. అందుకని మలుపును సాగదీసి, రోడ్డును లోపలికి జరపాలన్నారు.

సివిల్ త్రీడీలో ఆ పని చూడటానికి ముచ్చటగా ఉంటుంది. సర్వేవాళ్ళు తెచ్చిన వేలాది పాయింట్లను త్రిభుజాలుగా అల్లి నేలను తయారు చేస్తుంది. దాని మీద రోడ్డు గీతను మౌస్‌తో పట్టుకుని పది మీటర్లు జరిపామంటే, ఎంత మట్టి తవ్వాలో, ఎంత పొయ్యాలో లెక్క దానంతటదే మారిపోతుంది. మా ఇంజనీరు అలా జరిపి జరిపి, అతి తక్కువ మట్టి పనితో చక్కటి వంపు సాధించాడు. అందరం మెచ్చుకున్నాం.

ఆ వారమే ఒక పెద్దాయన ఏవో కాగితాలు ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. సర్వే బృందంలో ప్రిజం కర్ర పట్టుకునే పని. తెలుగువాణ్ణని తెలిసి నా దగ్గర ఆగాడు. గోడకు అంటించిన ప్రింటును కాసేపు చూసి, మలుపు మీద వేలు పెట్టాడు.

“సారూ, ఈడ మూడు చెట్లుండె గదా. ఎండల నేనే కర్ర వట్టుకోని నిలవడ్డ. కాయితం మీద లెవ్వేంది?”

ఉండవులే అన్నా, పొరబడ్డావేమో అన్నాను. ఆయన వాదించలేదు. “సిద్ర చెట్లు సారూ, మన రేగు లెక్కనే ఉంటయ్” అని వెళ్ళిపోయాడు.

ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. సర్వే ఫైలు తెరిచి వెతికాను. మూడు చెట్లూ ఉన్నాయి, కొలతలతో సహా! సర్వేవాళ్ళు చెట్టుకు రాసిన కోడు ఒకటి, నేను టెంప్లేట్‌లో పెట్టిన కోడు ఇంకొకటి. కోడు కుదరని పాయింట్లు తెరమీద కనబడకుండా దాచెయ్యమని ఏర్పాటు చేసింది కూడా నేనే. ఫైలు బరువై కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని అందరూ విసుక్కుంటుంటే చేసిన ఘనకార్యం అది. మా చక్కటి వంపు సరిగ్గా ఆ చెట్ల మీదుగా పోతోంది.

నాకు మా నాయన గుర్తొచ్చాడు. 2000ల మొదట్లో స్వర్ణ చతుర్భుజి కింద అప్పటి 5వ నంబరు జాతీయ రహదారిని (ఇప్పుడది 16) నాలుగు వరసలు చేసినప్పుడు మా చేను కొంత పోయింది. చేనుతో పాటు మా తాత తవ్వించిన బావీ పోయింది. చేనుకు డబ్బులొచ్చాయి. బావికి రాలేదు. అడంగల్‌లో అది ఉత్త మెట్ట అని ఉందట, బావి ఊసే లేదట. నాయన ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, “నీళ్ళు తాగిన వాళ్ళు ఊరంతా ఉండారు, కాయితంలో మాత్రం బావి లేదంట” అని ఊరుకున్నాడు. ఆ కాగితం రాసినవాణ్ణి నేను చాలా ఏళ్ళు తిట్టుకున్నాను. వాడూ బహుశా నాలాగే పని తేలికవుతుందని ఒక వరస వదిలేసి ఉంటాడు.

మర్నాడు మీటింగులో తప్పు నాదేనని చెప్పాను. చెట్లు కొట్టాలంటే అనుమతులు కావాలి, పైగా ఖతార్ ఫౌండేషన్ తన చిహ్నంగా పెట్టుకున్నది ఈ సిద్ర చెట్టునే. ఇంజనీరు ఒకటి రెండు నిట్టూర్పులు విడిచి, గీతను 40 మీటర్లు పక్కకు జరిపాడు. మట్టి లెక్క పెరిగింది. చెట్లు మిగిలాయి.

ఆ శుక్రవారం కాస్త గర్వంగానే నాయనకు ఫోన్‌లో చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు.

“ఆ ఎడారిలో చెట్లకు నీళ్ళు యాడ నుంచి వస్తాయిరా?”

ఏడాదికి పడేది 80 మిల్లీమీటర్ల వాన, అది చుట్టుపక్కల నుంచి పారి పల్లంలోకి చేరుతుంది, ఆ పల్లాన్ని ఇక్కడ రౌదా అంటారు, చెట్లు అక్కడే బతుకుతాయి అని వివరించాను.

“మరి మీ రోడ్డు కట్ట అడ్డమొస్తే నీళ్ళెట్టా పోతాయి? తూము పెట్టారా?”

నా దగ్గర జవాబు లేదు. ఆదివారం ఆఫీసుకు వెళ్ళగానే చూశాను. గీతను జరపగానే రోడ్డంతా దానంతటదే కదిలింది. తూము మాత్రం విడిగా గీసింది కావడంతో పాత చోటే, ఇసుకలో ఒంటరిగా ఉండిపోయింది. దాన్ని కొత్త దారి కిందికి తీసుకెళ్ళమని చెప్పి, జగిత్యాల పెద్దాయన కోసం సర్వే గదికి వెళ్ళాను. ఆయన అప్పటికే కర్ర భుజాన వేసుకుని సైటుకు వెళ్ళిపోయాడు.