అవ్వ 'కివి'

మా అవ్వది సిరుగుప్ప. పెళ్లై ఆదోనికొచ్చి యాభై ఏళ్లు దాటినా చెవిని 'కివి' అనే అంటుంది. చిన్నప్పుడు కివి పండు ఫొటో చూపించి, "ఇదేనా అవ్వా నీకు నొప్పి పుట్టేది?" అని ఏడిపించేవాణ్ణి. మన చెవిని కన్నడవాళ్లు పాడుచేశారనే నా నమ్మకం.

పోయిన నెల అవ్వని చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. "ఏమైంది పెద్దమ్మా?" అని నర్సు అడిగితే, అవ్వ నా వైపు చూసి, ఆగి ఆగి "చె...వి" అంది. నేను నవ్వుతానని భయం! అది నాకు గట్టిగా తగిలింది.

ఆ రాత్రి ఫోన్లో వెతికితే తెలిసింది. గోండీలో చెవిని 'కెవి' అంటారు. తుళులో 'కెబి'. ఎక్కడో బలూచిస్తాన్‌లో బ్రాహుయీ వాళ్లు 'ఖఫ్' అంటారు. ఇంత దూరదూరంగా ఉన్నవాళ్లంతా ఒకే తప్పు చేయరు కదా! అందుకే భాషావేత్తలు వీటన్నిటినీ పోల్చి, మూల ద్రావిడంలో ఈ మాట '*కెవి' అయ్యుంటుందని తేల్చారు. ముందున్న ఆ చుక్క గుర్తుకి అర్థం: ఇది ఏ శాసనంలోనూ దొరికింది కాదు, పోలికలతో తిరిగి కట్టింది.

మారింది మనమే. ఇ, ఎ పలికేటప్పుడు నాలుక ముందుకు జరుగుతుంది. వాటి ముందున్న 'క'ని కూడా లాగి తెలుగులో 'చ' చేసేసింది. కన్నడ 'కెరె' మన చెరువు. వాళ్ల 'కిరునగె' మన చిరునగవు. స్లావ్ భాషల్లోనూ ఇదే కథ. పోలిష్‌లో కన్ను 'ఓకో', కళ్లు 'ఓచి'.

అలాగని గెలుపు పూర్తిగా అవ్వదీ కాదు. పాత 'క' అవ్వ దగ్గరుంది, దాని పక్కనున్న 'ఎ' నా దగ్గరుంది. కన్నడలో అది 'ఇ' అయింది. ఇద్దరం చెరో ముక్క దాచుకున్నాం, అంతే. ఊళ్లూ అంతే కదా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, సిరుగుప్ప రెండూ బళ్లారి జిల్లాలోనివే.

పొద్దున్నే అవ్వ దగ్గర కూర్చుని, కాస్త గట్టిగానే అడిగా: "అవ్వా, నీ కివి ఎట్లుంది?"

నేను మళ్లీ ఎగతాళి చేస్తున్నానేమోనని ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది. కిరునగె.