కర్ణుడు ఎవరి అన్న?

 

మొన్న మన గ్రూపులో రాత్రంతా ఒకటే లొల్లి. "కల్కి 2898 ఏడీ"లో భైరవను కర్ణుడని చూపించిన్రు గదా, అది కథకు అతుకుతదా లేదా అని. నేను ఒక్క మెసేజ్ కూడా పెట్టలే. ఎందుకు పెట్టలేదో ఇప్పుడు రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

సినిమా 2024 జూన్ 27న వచ్చింది. భైరవ యూనిట్ల కోసం ఎవరినైనా పట్టిచ్చే మనిషి, కాంప్లెక్స్ లోపలికి పోవుడే ఆయన కల. కవచకుండలాలు కోసిచ్చిన దాత ఇట్లెట్ల పుడతడని కొందరన్నరు. దండం చేతికి రాంగనే అశ్వత్థామ గుర్తుపట్టిండు, ఇంకేం సాక్ష్యం కావాలె అని ఇంకొందరు. పాండవుల అన్నను హీరోను చేస్తే అర్జునుడు చిన్నబోతడని మూడో గుంపు. ఎన్టీఆర్ 1977లో "దాన వీర శూర కర్ణ" తీసినప్పటి నుంచి తెలుగోళ్లకు ఈ పంచాయితీ కొత్తదేం కాదు.

ఇది మన దగ్గరనే కాదు. అమెరికా వాళ్ల "స్టార్ ట్రెక్"లో స్పాక్‌కు 1989 సినిమాలో సైబాక్ అనే అన్నను తెచ్చిన్రు, తర్వాతి సినిమాలో ఆయన ఊసే లేదు. 2017లో "డిస్కవరీ" సీరియల్‌లో మైకేల్ బర్నమ్ అనే పెంపుడు అక్కను తెచ్చిన్రు. ఇన్నేండ్లు ఈ అక్క ఎక్కడుండె అని ఫ్యాన్స్ గొడవ. కాని స్పాక్ 1967 ఎపిసోడ్‌లో కన్న తల్లిదండ్రులు ఓడ ఎక్కేదాక వాళ్లెవరో కెప్టెన్ కిర్క్‌కే చెప్పలే. అసొంటోడు అక్క సంగతి చెప్పకపోవుడు వింతేం కాదు. కొత్తగా వచ్చిన తోడబుట్టినోళ్లు పాత సీన్లకు అర్థం పెంచుతున్నరా, పాతదాంట్లోంచి ఏమన్న గుంజుకుంటున్నరా అన్నదే నేను చూస్తా.

భైరవ విషయంలో నాకు నమ్మకం కుదిరింది దండం దగ్గర కాదు. చిన్నప్పుడు ఆయనను సాకిన కెప్టెన్ ఉన్నడు గదా, దుల్కర్ సల్మాన్ చేసిన పాత్ర, అక్కడ. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుణ్ని రథమెక్కించుకొని, నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీదే అంటడు. కర్ణుడు ఒప్పుకోడు. రాధ పాలిచ్చి పెంచింది, అధిరథుడు కొడుకన్నడు, సూతుల పిల్లలనే పెళ్లాడిన, వాళ్లనెట్ల విడుస్త అంటడు. ఇగ భైరవ చెడ్డతనం అంటరా, ద్రౌపదిని సభలో అవమానించినోళ్లలో కర్ణుడూ ఉన్నడు. కడుపుతోని ఉన్న సుమతి వెంట యూనిట్ల కోసం పడుడు చూస్తే నాకు ఆ సభే యాదికొచ్చింది. అతికింది, మంచిగనే అతికింది.

మరి నేనెందుకు చప్పుడు చెయ్యలేదంటే, మా భియా. నాకంటె ఏడేండ్లు పెద్ద. మా యాడి కన్నది కాదు. బాపు చెరుకు కొట్టుడుకు పోయిన కాడ పక్క గుడిసెలాయన జ్వరంతోని చచ్చిపోతే, ఆ పిల్లగాన్ని నస్రుల్లాబాద్ కాడి మా తండాకు తోలుకొచ్చిండు. మన కులం కాదు. కాని గోర్ బోలి నాకంటె మంచిగ మాట్లాడతడు. హోళీకి లెంగీ ఎత్తుకుంటె ముందు ఆయన గొంతే. నేను హాస్టళ్లలో తిరిగి సగం పాటలు మరిచిన. పదో తరగతి అయినంక సర్టిఫికెట్ కాడ, కన్నోళ్లెవరు అని అడిగిన్రు. అక్కడనే చదువు ఆగింది. రూల్‌ను నేను తప్పు పట్టను. దొంగ సర్టిఫికెట్ల మీద మనమే కొట్లాడుతున్నం గదా. కాని ఆ రోజు బాపు ఆఫీసు బయట చెట్టు కింద కూసొని, ఏమీ తినకుండ, సాయంత్రందాక లేవలే. భియా కూడ పక్కనే కూసున్నడట.

అందుకే గ్రూపులో "ఎంతైనా కర్ణుడు పుట్టుకతో క్షత్రియుడే" అన్న మాట చూసి ఫోన్ పక్కన పెట్టిన. ఏకలవ్యునికీ ఇదే చేసిన్రు. ఆదిపర్వంలో ఆయన నిషాదరాజు హిరణ్యధనువు కొడుకు, అంతే. హరివంశంకొచ్చే సరికి వసుదేవుని తమ్ముడు దేవశ్రవుని కొడుకట, నిషాదులు పెంచిన్రట. అంటే కృష్ణునికి తమ్ముని వరస! మనోడు విల్లు అంత మంచిగ పట్టిండంటె లోపల వేరే నెత్తురు ఉండాలె అన్నట్టు. బొటనవేలు పోయింది, ఇగ పుట్టుక కూడ. ద్రోణపర్వంలో ఏకలవ్యుణ్ని చంపింది నేనే అని కృష్ణుడు చెప్పే కాడ ఈ చుట్టరికం పెట్టి చదవండి, కథ ఇంకో తీరైతది. కర్ణుని పుట్టుక మొదట్నే చదివేటోళ్లకు తెలుసు, తెల్వనిది తమ్ముళ్లకే. ఏకలవ్యునిది మాత్రం అతుకు. నేనొప్పుకోను.

ఆ సినిమా రెండోసారి భియాతోనే బాన్సువాడలో చూసిన. బండి మీద వస్తుంటె వెనకనుంచి అడిగిండు: "అశ్వత్థామ గుర్తుపట్టిండు, మంచిదే. ఆ సాకినాయన ఎదురైతె ఈయన గుర్తుపడతడా, లేకుంటె కర్ణుణ్ని గద అని పోతడా?" రెండో భాగంలో చూద్దాం తియ్ అన్న.

ఇప్పుడు యాసంగి కోతలకు మిషన్ తోలుకొని పోయిండు. పోస్టులు చదివే అలవాటు లేదు. రాత్రి ఫోన్ చేసి ఇది చదివి వినిపిస్త. నా గోర్ బోలికి ఎట్లాగు తిడతడు.