పది డాలర్ల జరిమానా

నార్త్ కరోలినాలోని రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో ఉద్యోగాలు చేసే మా తెలుగువాళ్లకు 147వ నంబరు రోడ్డంటే డర్హమ్ ఊళ్లోకి త్వరగా చేర్చే దారి, అంతే. హేటై అనే నల్లవారి పేటను కొట్టేసి దాన్ని వేశారని నాకు తెలిసింది ఓ వేసవి కవిత్వ శిబిరంలో. మిడిల్ స్కూలు పిల్లల శిబిరం. కాగితాలు పంచడం, పెన్సిళ్లు చెక్కడం నా వంతు.

నేర్పే కవయిత్రి ఆ ఊరి మనిషే. వస్తూనే మూడు మాటలు నిషేధించింది: స్వేచ్ఛ, ఆశ, కల. పిల్లలు గోలపెట్టారు. ఫిబ్రవరిలో నల్లవారి చరిత్ర మాసం వస్తే బళ్లో వాళ్లు రాసేదంతా ఆ మూడింటితోనే మరి!

బదులుగా పాత నగర డైరెక్టరీ పేజీల నకళ్లు ఇచ్చింది. పేరు, చేసే పని, ఇంటి నంబరు. నల్లవారి పేర్లకు మాత్రం వేరే గుర్తు. ఒక్క వరుస ఎంచుకుని, ఆ మనిషి పొద్దున్నే లేచి ఏం చేసేవాడో రాయమంది. పొగాకు ఫ్యాక్టరీ కూలీలు, వంటమనుషులు, బార్బర్లు. 1898లో పుట్టిన నార్త్ కరోలినా మ్యూచువల్ బీమా కంపెనీని స్థాపించినవారిలో ఒకడైన జాన్ మెరిక్ బానిసగా పుట్టి బార్బర్‌గా పైకొచ్చినవాడని తెలియగానే, బార్బర్ల వరుసలకు పోటీ పడ్డారు.

ఒకమ్మాయి తన వరుసలోని చిరునామాను ఇప్పటి మ్యాపులో వెతికింది. ఇల్లు లేదు, ఫ్రీవే ఉంది. పట్టణ పునర్నిర్మాణం పేరిట ఆ ఊళ్లో 4,000కు పైగా కుటుంబాలను, 500 దాకా వ్యాపారాలను లేపేశారు. ఆ ఇంటికి ఉత్తరం ఎలా చేర్చాలో పోస్ట్‌మ్యాన్‌కు దారి చెబుతున్నట్టుగా రాసిందా పిల్ల. అంతకన్నా మంచి కవిత అక్కడ నేను వినలేదు.

పౌరహక్కుల న్యాయవాది, కవయిత్రి పాలీ మర్రే పెరిగిన, ఆమె తాత కట్టిన ఇంటికీ తీసుకెళ్లారు. ఆ ఎండలో పిల్లలు కవిత్వం కన్నా మంచినీళ్లే ఎక్కువ అడిగారు.

తర్వాత ఆ ఊళ్లోని రాయల్ ఐస్‌క్రీమ్ పార్లర్ సంగతి. 1957 జూన్ 23న పాస్టర్ డగ్లస్ మూర్, మరో ఆరుగురు నల్లవారు అందులో తెల్లవారికి కేటాయించిన వైపు వెళ్లి కూర్చున్నారు. ఇలాగే కూర్చుని చేసిన, పేరుమోసిన గ్రీన్స్‌బరో నిరసనకు అప్పటికింకా రెండున్నరేళ్లుంది. అరెస్టు చేశారు, తలా పది డాలర్ల జరిమానా, పైన కోర్టు ఖర్చులు.

"పదేనా? పిజ్జా కూడా రాదు!" అన్నాడొకడు.

అప్పటి కనీస కూలి గంటకు ఒక్క డాలరని చెప్పింది కవయిత్రి. వాడు లెక్కేసుకుని పది పాదాల కవిత రాశాడు, గంటకో పాదం. ఏడుగురిలో ఒకరు ఆ పది డాలర్లూ తిరిగి సంపాదించుకోవడమే కవితంతా.

చివరి సభ హేటై హెరిటేజ్ సెంటర్లో. 1891 నాటి సెయింట్ జోసెఫ్ చర్చి అది. ఆ పది పాదాల కవిత రాసినవాడు చదువుతుంటే ముందు వరుసలోంచి ఓ పెద్దావిడ చెయ్యెత్తింది.

"నల్లవాళ్ల తలుపు రాక్స్‌బరో వీధి వైపు కాదు బాబూ, డౌడ్ వీధి వైపు. మా అమ్మ నన్ను అటే తీసుకెళ్లేది."

వాడు నా దగ్గర పెన్సిలు తీసుకుని, మైకు ముందే కొట్టేసి, దిద్దుకుని, మళ్లీ మొదట్నుంచి చదివాడు. ఈసారి ఆరో గంట కాస్త పొడుగైంది.