ప్రాణవాయువుకీ ఓ మోతాదు

ప్రాణవాయువే ప్రాణం తీస్తుందంటే మా నాన్న నమ్మలేదు. "యూరియా ఎక్కువైతే చేను మాడదా?" అన్నాక తలూపాడు.

లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి ఆక్సిజన్ మెదడుకు విషమవుతుంది, మూర్ఛలొస్తాయి. పాల్ బేర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1878లోనే ఈ సంగతి రాశాడు. నీళ్లలో మూర్ఛొస్తే మునిగినట్టే. అందుకని ఈనాటి డైవర్లు ముంజేతికి చిన్న కంప్యూటర్ కట్టుకుంటారు. ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.6 అట్మాస్ఫియర్లయితే 45 నిమిషాలు, 1.4 అయితే 150 నిమిషాలు. అమెరికా సంస్థ నోవా పెట్టిన ఈ హద్దుల్లో ఎంత శాతం వాడేశారో అది చూపిస్తుంది.

చిక్కంతా ఆ శాతంలోనే ఉంది. సిలిండర్లో నిజంగా ఎంత ఆక్సిజన్ ఉందో మామూలు కంప్యూటర్ కొలవదు. డైవరు నొక్కిన అంకెనే నమ్ముతుంది. పైగా మనిషి ఒంటికి నిలకడ లేదు. రెండో ప్రపంచయుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళానికి కెనెత్ డోనాల్డ్ చేసిన ప్రయోగాల్లో, ఒకే లోతులో ఒకే మనిషికి ఒకరోజు 7 నిమిషాలకే విషలక్షణాలు కనబడ్డాయి, మరోరోజు 148 నిమిషాలు పట్టింది! యంత్రానికి ఇవాళ ఏ రోజో ఎలా తెలుస్తుంది?

మా ఊళ్లో పురుగుమందు కొట్టేవాళ్లూ "నిన్నేం కాలేదుగా" అంటూ ముక్కుకి గుడ్డ కట్టరు. మిత్రులారా, తెర మీద 60 శాతం కనబడితే ఇంకా 40 శాతం క్షేమం మిగిలిందని అర్థం కాదు. అది లెక్క మాత్రమే, హామీ కాదు.