నాయిన జెరం

పాలమూరు నుంచి బతకొచ్చిన మాదిగోళ్లం. ఫిల్మ్ నగర్ బస్తీల రేకుల ఇల్లు మాది. మా నాయిన షూటింగుల్లో లైట్లు మోసేవాడు. తెర మీద ఆయన ఎన్నడూ కనిపించలేదు.

2009లో అరకు అవుట్‌డోర్‌కు పోయి ఇరవై దినాలకు తిరిగొచ్చిండు. వచ్చిన వారానికే చలిజెరం. మూడు బొంతలు కప్పినా మంచం గడగడలాడింది. బస్తీ ఆర్.ఎం.పి. మూడు దినాలకు క్లోరోక్విన్ మాత్రలిచ్చిండు. జెరం ఇడిసింది, నాయిన పనికెక్కిండు. రెండు నెలలకు, పట్నం దాటకుండనే, మళ్లా అదే చలి, అదే వణుకు.

"తాగి పన్నడు. వాళ్ల బస్తీ మోరీలే రోగాల పుట్ట" అని మేస్త్రీ పనిలోంచి తీసేసిండు.

అప్పుడు నేను బి.జెడ్.సి. రెండో సంవత్సరం. మా ఇంట్ల డిగ్రీ మొఖం చూసిన మొదటోన్ని. పరీక్షలో ప్లాస్మోడియం వైవాక్స్ జీవితచక్రం గీసి మార్కులు తెచ్చుకున్నోన్ని. ఆ నేనే, "నువ్వు తాగుడు మానవు, నీ రోగం మానదు" అన్న. నాయిన ఏమనలేదు. గోడదిక్కు తిరిగి పండుకున్నడు.

సర్కారు దవాఖానల రక్తం చూసిన డాక్టరమ్మ చెప్పింది: "ఇది వైవాక్స్. కాలేయంలో దాక్కొని నెలల తర్వాత లేస్తది బాబూ. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్నే చంపుతది. కాలేయంలో ఉన్నదానికి ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలె." ఆ మందు ఆయన ఒంటికి పడుతదో లేదో జి-6-పి-డి పరీక్ష చేయించి మరీ ఇచ్చింది. నా నోట్సుల గీసిన బొమ్మ అది! నాకు మార్కులకు పనికొచ్చింది గని మా నాయినకు పనికి రాలేదు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో చూసింది మన సికింద్రాబాద్‌లనే. పట్నంలో మలేరియా మోసే అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమ ఎక్కువగా పెరిగేది మోరీల్లో కాదు, మంచినీళ్ల ట్యాంకుల్లో, సంపుల్లో. జూబ్లీహిల్స్ బంగళాలకు ఎన్ని ట్యాంకులు! మురికోళ్లమన్న పేరు మాత్రం మాకు.

ఆరో రోజు జెరం తగ్గంగనే నాయిన మాత్రలు పక్కన పెట్టి కూలికి లేవబోయిండు. చెయ్యి పట్టి కూసోబెట్టిన. పద్నాలుగు దినాలూ లెక్కపెట్టి నేనే ఇచ్చిన. "తప్పయింది నాయినా" అనే మాట మాత్రం నోట్లెకు రాలేదు. జెరం మళ్లా రాలేదు. షూటింగుల పనీ మళ్లా రాలేదు.

ఇప్పుడు సర్కారు బడిలో ఆ పాఠం నేనే చెప్తున్న. బోర్డు మీద ముందు కాలేయం గీస్త. "మీ ఇంట్ల ఎవరికన్న మలేరియా జెరం తిరగబెట్టిందా?" అని అడుగుత. చెయ్యెత్తిన పిల్లల ఇంటికి సాయంత్రం పోత. తాగుడు గురించి అడగను. మాత్రలు ఇంకెన్ని మిగిలినయని అడుగుత.