ఆగటం కూడా సేద్యమే

ఈసారి పురుగుమందుల సంగతి కాదు, ఓ గిటారాయన సంగతి. చివరిదాకా చదవండి, మనకి పనికొచ్చేదే.

మా అబ్బాయి ఫోన్లో వినిపిస్తే తెలిసింది. పేరు రాబర్ట్ ఫ్రిప్. 1946లో ఇంగ్లండులో వింబోర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఎడమచేతి వాటం మనిషి, గిటారు మాత్రం కుడిచేతి వాటంగా పట్టాడు. మొదట్లో తనకి శ్రుతీ లయా రెండూ తెలీవని ఆయనే చెప్పుకున్నాడు. అయినా సాధన వదల్లేదు. కొన్నాళ్ళు వాళ్ళ నాన్న దగ్గర ఇళ్ళు, స్థలాలు అమ్మిపెట్టే పని కూడా చేశాడు.

1969లో కింగ్ క్రిమ్సన్ అనే బృందంతో పైకొచ్చాడు. రాక్ పాటలో జాజ్, శాస్త్రీయ సంగీతం కలిపి వాయించేవారు. దాన్నే ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. మిగతా గిటారోళ్ళు స్టేజీ మీద గెంతుతుంటే, ఈయన స్టూలు మీద కుదురుగా కూర్చుని వాయిస్తాడు.

అసలు సంగతి ఇక్కడుంది. 1974లో, ‘రెడ్’ ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందే, మంచి ఊపులో ఉన్న బృందాన్ని ఆపేశాడు. ఆశ్రమం లాంటి చోట పది నెలలు ఉండొచ్చాడు. ఆ తర్వాతే 1977లో డేవిడ్ బోవీ ‘హీరోస్’ పాటకి గిటారు వాయించాడు. 1981లో బృందాన్ని మళ్ళీ నిలబెట్టాడు. 1985 నుంచి గిటారు నేర్పాడు. 1992లో సొంత కంపెనీ పెట్టి, పాట మీద హక్కు పాడినోడిదే అన్నాడు. పండించేది మనం, ధర చెప్పేది ఇంకొకరు. ఆ బాధ మనకి తెలీందా?

పోయినేడు నేనూ ఆగాను. వరసగా మిర్చి వేసి వేసి నా రెండెకరాలకి ఎండు తెగులు పట్టింది. పెట్టుబడి కూడా రాలేదు. ఆ కారు మిర్చి మానేసి జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నాను. “అప్పున్నోడు చేను ఖాళీగా పెడతాడా?” అన్నారు ఊళ్ళో. మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు. వడ్డీ మాత్రం ఆగలేదు, అది దాచను.

ఇప్పుడు ఆ మట్టి గుప్పిట్లో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది, వానపాములు కనబడుతున్నాయి. పంటెంతొస్తుందో చూడాలి. ఒకేసారి మొత్తం ఆపమని నేను చెప్పను, ఇల్లు గడవాలి కదా. అరెకరంతో మొదలెట్టండి.

మీలో ఎవరైనా ఇలా ఓ కారు ఆపి చూశారా? మంచైనా చెడైనా రాయండి, నాకూ ధైర్యంగా ఉంటది.